బీఏ చేసినోళ్లు ఇంజనీరింగ్ పీజీకి పోవచ్చా?

హన్మకొండ పిల్ల:
ఇంటర్ సీఈసీ, అంటే మ్యాథ్స్ లేదు, ఇప్పుడు బీఏ ఫైనల్ ఇయర్. ఎకనామిక్స్‌ల లెక్కలు చేస్తుంటే డేటా మీద ఇష్టం పుట్టింది, ఎంటెక్ చెయ్యాలనుంది. గేట్, అదే ఎంటెక్ ఎంట్రన్స్, ఆర్ట్స్ వాళ్లు కూడా రాయొచ్చట కదా, మా సారేమో టైం వేస్ట్, గ్రూప్స్‌కు చదువుకో అంటున్నడు. ఏం చెయ్యాలె?

కాజీపేట అన్న:
సార్ చెప్పిందే కరెక్ట్ చెల్లే. గేట్ రాయనిస్తరు, నిజమే, కానీ సీటు దగ్గర బీటెకో ఎంసీఏనో ఎమ్మెస్సీనో అడుగుతరు, ఒట్టి బీఏకు ఎంటెక్ సీటు రాదు. ఫీజు కట్టి ఏడాది చదివినంక ఈ ముచ్చట తెలిస్తే మస్తు బాధైతది. ఎంసీఏ ఎంట్రన్స్ ఐసెట్ రాద్దామన్నా ఇంటర్లనో డిగ్రీలనో మ్యాథ్స్ అడుగుతుండె, నీది సీఈసీ, ఇప్పటి రూల్ చూసుకో.

వడ్డేపల్లి చెరువు:
అన్నా, నేను ఒప్పుకోను. తొవ్వ లేదు అనకు, చుట్టు తొవ్వ అను. నేను కూడా బీఏనే, తెలుగు మీడియం. ఐఐటీ మద్రాస్ వాళ్లు 2021ల మొదలుపెట్టిన డేటా సైన్స్ బీఎస్‌ల, అంటే నాలుగేండ్ల ఆన్‌లైన్ డిగ్రీల చేరిన, దానికి జేఈఈ అక్కర్లేదు, టెన్త్‌ల మ్యాథ్స్, ఇంగ్లిష్ చదివి ఇంటర్ పాసైతే చాలు, నాలుగు వారాల పాఠాలు విని క్వాలిఫయర్ అనే అర్హత పరీక్ష రాయాలె. మొదటి మెట్టు ఫౌండేషన్‌ల ఎనిమిది కోర్సులు, అందులో మ్యాథ్స్ రెండు, స్టాటిస్టిక్స్ రెండు. మొదటి నెల ఫంక్షన్ అంటేనే తెల్వక ఏడ్చిన, పొద్దుగాల నాలుగింటికి లేచి ఇంటర్ మ్యాథ్స్ వన్ ఏ పుస్తకం ముందటేసుకొని కూసున్న, అట్ల ఆరు నెలలైనంకనే పాఠం చెవికెక్కింది. అడ్డం పడేది బీఏ కాదు చెల్లే, మ్యాథ్స్ గ్యాప్.

హన్మకొండ పిల్ల:
అమెరికాల బీఏ వాళ్లను ఎంఎస్‌కు డైరెక్టుగా తీసుకుంటరని ఒక కన్సల్టెన్సీ చెప్పింది?

వడ్డేపల్లి చెరువు:
అసలుకే అబద్ధం కాదు. పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఎంసీఐటీ అనే పీజీ కోర్సు కంప్యూటర్ సైన్స్ చదవనోళ్ల కోసమే పెట్టింది, బోస్టన్ యూనివర్సిటీల లీప్ అని ఉంది, ముందు బీటెక్ లెవెల్ కోర్సులు చేయించి తర్వాత ఎంఎస్‌లకు తీసుకపోతరు. కానీ మన మూడేండ్ల డిగ్రీ ఒప్పుకుంటరా లేదా అన్నది యూనివర్సిటీకే మెయిల్ పెట్టి రాతల తెచ్చుకో, కన్సల్టెన్సీ మాట మీద అప్పు చెయ్యకు.

కాజీపేట అన్న:
ఇంకో నాలుగేండ్లు ఇంట్ల ఎవరు ఆగుతరు తమ్మీ, ఆడపిల్లకు పెండ్లి అంటరు. నేను సూసి చెప్తున్న.

హన్మకొండ పిల్ల:
అన్నా, ఆ మాట ఇంట్ల నేను మాట్లాడుకుంట. వన్ ఏ పుస్తకం ఎవరి దగ్గరన్న పాతది ఉంటే చెప్పున్రి.