మా సైట్‌లో మట్టి పరీక్ష కోసం ఎన్ని సాయిల్ బోర్లు వేయించాలి? కట్టించినవాళ్ళు చెప్పండి

శ్రీకాంత్_1200గజాలు:
ఘట్‌కేసర్ దగ్గర మాకు 1,200 గజాల స్థలం ఉంది. సెల్లార్, పైన గ్రౌండ్ ప్లస్ నాలుగు, కింద షాపులు, పైన ఆఫీసులు అనుకుంటున్నాం. సాయిల్ రిపోర్ట్ లేకుండా ఫుటింగ్ (కాలమ్ కింద పునాది) డిజైన్ ఇవ్వనని స్ట్రక్చరల్ ఇంజినీరు గారు అన్నారు. టెస్ట్ చేసేవాళ్ళేమో మధ్యలో ఒక్క బోరు చాలు, ఇక్కడ ఎక్కడ తవ్వినా రాయే అంటున్నారు. నాన్న రిటైర్‌మెంట్ డబ్బు అంతా దీంట్లోనే పెడుతున్నాం, అందుకే టెన్షన్‌గా ఉంది.

మట్టిమనిషి:
ఒక్కదానితో సరిపెట్టకు తమ్ముడూ. మేమూ అలాగే మధ్యలో ఒక్కటే వేయించాం, మూడు మీటర్లకే గట్టి మొరం వచ్చింది, సంతోషంగా డిజైన్ చేయించుకున్నాం. తీరా తవ్వితే తూర్పు వైపు రెండు వరుసల కాలమ్‌ల కింద నల్లటి బురద, అందులో తామర దుంపలు, పగిలిన కుండ పెంకులు. ఎప్పుడో పూడ్చేసిన కుంట అది. ఆ ఊళ్ళో గొర్రెలు కాసే పెద్దాయన్ని ముందే అడిగి ఉంటే నిమిషంలో చెప్పేవాడు. ఆ వైపు మళ్ళీ బోర్లు వేసి, ఫుటింగ్‌లు మార్చి, పని మొదలయ్యేసరికి నాలుగు నెలలు పోయాయి. నువ్వు గ్రామ నక్షా చూడు, గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ళ బొమ్మలు కూడా చూడు, తేడాగా కనిపించిన చోట ఒక బోరు తప్పకుండా పెట్టు.

శివాని_సివిల్:
నేను జియోటెక్ (పునాదుల కోసం మట్టి పరీక్షలు) పనిలోనే ఉన్నాను. మట్టి పరీక్షల మీద 1979 నాటి భారత ప్రమాణం ఐఎస్ 1892 ప్రకారం 0.4 హెక్టారు, అంటే సుమారు ఎకరం స్థలానికి నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి వేస్తారు. చిన్న, అంత ముఖ్యం కాని భవనానికి మధ్యలో ఒక్కటైనా చాలని కూడా అందులో ఉంది, మీకు చెప్పినవాళ్ళు దాన్నే పట్టుకుని ఉంటారు. కానీ సెల్లార్‌తో ఐదు అంతస్తులంటే నేనైతే మూడుకు తగ్గను. అవి కూడా ప్లాట్ మూలల్లో కాదు, బిల్డింగ్ వచ్చే చోట, బరువు ఎక్కువ పడే కాలమ్‌ల దగ్గర, లిఫ్ట్ గుంట దగ్గర పడాలి. అందుకే కాలమ్ లేఅవుట్ చేతిలో పెట్టుకునే పాయింట్లు గుర్తు పెట్టించండి.

లోతు విషయంలో చాలామంది పొరపాటు చేస్తారు. నేల మీది నుంచి కాదు, ఫుటింగ్ అడుగు నుంచి లెక్క. మీ సెల్లార్‌కి మూడున్నర, ఫుటింగ్‌కి ఒకటిన్నర మీటర్లు పోతే అక్కడికే ఐదు. మూడు మీటర్ల వెడల్పు ఫుటింగ్ అయితే దానికి ఒకటిన్నర రెట్లు, ఇంకో నాలుగున్నర. అంటే పది మీటర్ల దాకా వెళ్ళాలి. ఆరు మీటర్ల దగ్గర ఆపేస్తే అసలు బరువు మోసే మట్టిని చూడనట్టే.

శ్రీకాంత్_1200గజాలు:
థ్యాంక్స్ మేడమ్. పక్క ప్లాట్‌లో నీళ్ళ బోరు వేసినప్పుడు పదిహేను అడుగులకే రాయి తగిలిందట. అది లెక్కలోకి రాదా?

సైట్‌బాబాయ్:
రాదు బాబూ. నీళ్ళ బోరు బండి రాయిని పొడి చేసి గాలితో బయటికి ఊదేస్తుంది, అది షీట్ రాకా (కింద దాకా పరుచుకున్న రాయా), విడిగా ఉన్న గుండా అన్నది ఆ పొడి చూసి ఎవరూ చెప్పలేరు. మన హైదరాబాద్ నేలలో పెద్ద పెద్ద గుండ్లు మట్టిలో విడివిడిగా ఉంటాయి. ఒక సైట్‌లో నేను దగ్గరుండి చూశాను, నాలుగు మీటర్లకి రాయి తగిలింది, కుర్రాళ్ళు పని ఆపి మిషన్ తీసేయబోయారు. ఇంకో మూడు మీటర్లు కోర్ (రాయిని పొడి చేయకుండా కోసి తీసే కడ్డీ లాంటి ముక్క) తీయమని పట్టుబట్టాను. మీటరున్నర రాయి చక్కగా నిగనిగలాడుతూ వచ్చింది, దాని కింద మళ్ళీ చేత్తో నలిపితే పొడైపోయే మెత్తటి మొరం! కోర్ పెట్టె ఫొటోలు అడిగి తీసుకో, పెట్టె మీద బోరు నంబరు, లోతు రాసి ఉన్నాయో లేదో చూడు.

ఎస్పీటీ, అంటే బోరులో గొట్టాన్ని సుత్తితో కొట్టి మట్టి గట్టితనం చూసే పరీక్ష, జరిగేటప్పుడు కూడా పక్కనే నిలబడు. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడాలి, మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి తర్వాతి 30కి ఎన్ని దెబ్బలు పడ్డాయో అదే ఎన్ వాల్యూ. సాయంత్రమయ్యేసరికి చేతులు అలిసిపోయి సుత్తిని సగం ఎత్తుకే వదిలేస్తారు, అప్పుడు దెబ్బలు ఎక్కువ పడతాయి, మెత్తటి మట్టి కూడా కాగితం మీద గట్టిదైపోతుంది.

భీమవరం_కుర్రోడు:
మా డెల్టాలో ఇవేవీ పనికిరావండి, రాయి కోసం చూస్తే దొరకదు. మెత్తటి బంకమట్టి దాటి గట్టి ఇసుక పొర తగిలేదాకా వెళ్ళాలి, పైల్స్ (లోతుకి దించే స్తంభాల పునాది) తప్పని చోట్లే ఎక్కువ. మీరు నీటి మట్టం మాత్రం బోరు వేసిన రోజు కాకుండా మర్నాడు కొలిపించండి. ఎండాకాలంలో వేయిస్తే వానాకాలంలో ఎంత పైకొస్తుందో చుట్టుపక్కల బావులు చూసి రాసుకోండి, సెల్లార్‌కి అది చాలా అవసరం.

శ్రీకాంత్_1200గజాలు:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ పొద్దున ఇంజినీరు గారితో కూర్చున్నాం. నాలుగు బోర్లు: లిఫ్ట్ దగ్గర ఒకటి, ఎదురెదురు మూలల కాలమ్‌ల దగ్గర రెండు, వెనక పల్లంగా ఉన్న వైపు ఒకటి. అక్కడ పాత వాగు ఉండేదని పక్క పొలం తాత చెప్పాడు.

శివాని_సివిల్:
మంచిది. పల్లం ఉందన్నారు కాబట్టి ఇంకొక్క మాట. నాలుగు బోర్ల నేల మట్టాలూ రోడ్డు మీద ఒకే గుర్తు నుంచి కొలిపించి రిపోర్ట్‌లో రాయించండి. రెండు చోట్లా నాలుగు మీటర్లకే రాయి అని ఉన్నా, ఒక చోట నేలే రెండు మీటర్లు కిందికి ఉంటే ఆ రాయి కూడా రెండు మీటర్లు కిందే ఉన్నట్టు.