అనంతపురంలో సభ్యత్వ క్లినిక్: ఓపీ నుంచి ఎలా మారాలి?

ప్రశ్న: రోజుకు 60 ఓపీ ఉన్న క్లినిక్‌ను కుటుంబ సభ్యత్వానికి, అంటే కుటుంబమంతటికీ నెలకింత అని ఫీజు తీసుకునే పద్ధతికి మార్చాలి. నెల ఖర్చు 90 వేలు. ఫీజు ఎంత పెట్టాలి?

జవాబు: సార్, కుటుంబానికి నెలకు 500 అంటే 180 కుటుంబాలు చేరినా ఖర్చే తీరుతుంది. మీకు మిగిలేది ఆపైనే. అందుకే ఓపీ ఒక్కసారిగా ఆపొద్దు. పొద్దున ఓపీ, సాయంత్రం సభ్యులు. షుగర్, బీపీ వాళ్లతో మొదలుపెట్టండి, నెలనెలా రావాల్సింది వాళ్లే.

జవాబు: పల్లెవాళ్లను నెలనెలా కట్టమనడం కష్టం. శెనక్కాయ అమ్ముకున్నాక ఏడాదిది ఒకేసారి తీసుకోండి.

జవాబు: "ఆసుపత్రి ఖర్చూ మాదే" అని మాత్రం రాయొద్దు సార్, అది బీమా వ్యాపారం, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతి కావాలి. కన్సల్టేషన్లు ఎన్ని, ఫోన్ వేళలేవి, ల్యాబ్ విడిగానా అన్నది స్పష్టంగా రాయండి. 2020 టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఫోన్‌లో చూసి షెడ్యూల్ ఎక్స్ మందులు (కఠిన నియంత్రణలో ఉండేవి) రాయకూడదు. మందుల చీటీలో మీ డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి.