అప్‌డేట్: పంపు పాడవలేదు, వాల్వే వేరు

కొత్త సైకిల్ ట్యూబులోకి నా పాత పంపుతో గాలి ఎక్కడం లేదని మొన్న అడిగాను కదా, ఇప్పుడు ఎక్కింది. మీలో ఒకరు అన్నట్టే నాది ప్రెస్టా వాల్వ్. సన్నగా 6 మిల్లీమీటర్లే ఉంటుంది. నా పంపు తలేమో 8 మిల్లీమీటర్ల ష్రాడర్‌కి, అంటే కారు, బైకు టైర్లకుండే రకానికి పెట్టి ఉంది. ఎంత బిగించినా పక్కనుంచి బుస్సుమన్నది అందుకే.

పంపు తల మూత విప్పితే లోపల రబ్బరు వాషరు, ఓ ప్లాస్టిక్ ముక్క కనిపించాయి. రెండిటినీ తిరగేసి పెడితే వాల్వ్‌ని గట్టిగా పట్టేసింది. అయినా గాలి ఎక్కదే! వాల్వ్ కొసన ఉండే బుల్లి నట్టు వదులు చేయడం మర్చిపోయాను మరి. దాన్ని విప్పి వేలితో ఒక్కసారి నొక్కితే 'టిస్' మంది, ఇక గాలి ఎక్కడం మొదలైంది.

పంపు తీసేటప్పుడు మాత్రం అటూ ఇటూ ఊపకండి. వాల్వ్ కొసన నట్టు ఉండే ఆ సన్న పుల్ల వంగిపోతుంది. నాది ఇప్పటికే కాస్త వంగింది.