'కంట్రీ హౌస్'ను తెలుగులో ఏమనాలి?

అందరికీ నమస్కారమండీ. ఇంగ్లాండ్ చరిత్ర మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ మొదటి వాక్యంలోనే 'కంట్రీ హౌస్' దగ్గర ఇరుక్కుపోయాను. కంట్రీ చికెన్ నాటుకోడి అయితే ఇది నాటు ఇల్లు కావాలి! 'పల్లెటూరి ఇల్లు' అంటే పెంకుటిల్లు, చూరు కింద గేదె కళ్లకు కడతాయి. వ్యాసంలో ఉన్నది డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్. నూటికి పైగా గదులు, చుట్టూ ఊళ్లు. ఏమనమంటారు?

జవాబు: గడి అనెయ్యండి. మా తెలంగాణలో దొర ఉండేది గడి, చుట్టూ ఊళ్లన్నీ ఆయన చెప్పుచేతల్లో. అక్కడా అదే కథ కదా.

జవాబు: గడి వద్దండీ. ఆ మాట వినగానే వెట్టిచాకిరీ, బాంచెన్ దొరా గుర్తుకొస్తాయి. చాట్స్‌వర్త్ చుట్టుపక్కల వాళ్లు కౌలుదారులు, జీతానికి పనిచేసేవాళ్లు. అయితే అక్కడ పెత్తనం లేదనుకోకండి. ఇంటి పక్కనే ఎడెన్సర్ అనే ఊరుంది. ఇంగ్లాండ్ రాజు 1086లో రాయించిన భూముల లెక్కల పుస్తకం డూమ్స్‌డేలోనే దాని పేరుంది. చాట్స్‌వర్త్ యజమాని అయిన ఆరో డెవన్‌షైర్ డ్యూక్ 1838 ప్రాంతంలో ఆ ఊరిని తన ఇంటి కిటికీల్లోంచి కనపడకుండా గుట్ట పక్కకి మార్పించాడు. డ్యూక్ దగ్గర తోటల పెద్ద జోసెఫ్ పాక్స్టన్ ఆ పని చూశాడు. కొత్త ఇళ్లు ఒక్కోటి ఒక్కో తీరు, ఇటాలియన్ పోకడ ఒకటి, స్విస్ చెక్క ఇంటి పోకడ ఇంకొకటి. పాత ఇల్లు ఒకటి మాత్రం మిగిలింది, ఇప్పటికీ గోడ కట్టిన తోటలో ఒంటరిగా నిలబడి ఉంటుంది. దాన్నెందుకు వదిలేశారో ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. తమ ఇళ్లు పడగొట్టి పక్కకి జరిపితే కొత్త ఇళ్లు బాగున్నాయని ఊరుకున్నారో, గొణుక్కున్నారో మరి!

నన్నడిగితే 'దివాణం' సరిపోతుంది. జమీందారు ఇల్లూ అదే, కచేరీ అదే, శిస్తు లెక్కలూ అక్కడే. 'దివాణంలో పని' అంటే ఊరంతటికీ అర్థమయ్యేది. కంట్రీ హౌస్ కూడా ఉత్త ఇల్లు కాదు, దాన్ని నడిపేది చుట్టూ ఉన్న పొలాల మీద వచ్చే కౌలు.

ఇంకో తమాషా. మన బొబ్బిలి రాజా బొబ్బిలిలోనే ఉంటాడు. డెవన్‌షైర్ డ్యూక్ మాత్రం డెర్బీషైర్‌లో ఉంటాడు! ఇంటిపేరు కావెండిష్. అరటిపండు గుర్తొచ్చిందా? 1830ల్లో పాక్స్టన్ ఆ ఇంటి గాజు తోటలో (గ్రీన్‌హౌస్‌లో) పెంచిన అరటికే ఆ పేరొచ్చింది. మన కడప, అనంతపురం తోటల్లోని గ్రాండ్ నైన్ ఆ కోవలోదే.

జవాబు: దివాణం బాగుంది గానీ కుర్రాళ్లకి తెలీదేమో. 'ఎస్టేట్' అంటే పోలేదా? అదేమీ ఇవాళ్టి రియల్ ఎస్టేట్ మాట కాదు. 1908లో మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాయి. జమీందారీ రైతులకి ఆ మాట నోట్లో నలిగినదే.

జవాబు: ఎస్టేట్ అంటే భూమండీ. ఇంటికి దివాణం, ఇల్లూ ఊళ్లూ కలిపి చెప్పాల్సి వస్తే ఎస్టేట్. రెండూ కావాలి. మన దగ్గర చట్టంతో పోయినవి అక్కడ పన్నుతో చిక్కాయి. 1950లో పదో డ్యూక్ చనిపోతే వారసత్వపు పన్ను 80 శాతం పడింది. భూములు, చిత్రాలు పోయాయి, హార్డ్‌విక్ హాల్ అనే మరో పెద్ద ఇంటిని కూడా ప్రభుత్వానికి అప్పజెప్పారు. 1981లో చాట్స్‌వర్త్‌ను ట్రస్టు చేతికిచ్చారు. ఎడెన్సర్ ఇళ్లు మాత్రం ఇప్పటికీ దాదాపు అన్నీ ఎస్టేట్‌వే, తలుపులకి ఒకే నీలం రంగు.

అడిగినవారు: చాలా థాంక్సండీ. మొదటిసారి 'కంట్రీ హౌస్ (పల్లెలో కులీనుల దివాణం)' అని రాసి, తర్వాత దివాణమే వాడతాను. గడి గురించి చెప్పినవారికీ కృతజ్ఞతలు, ఆ మాట వెనక బరువు నాకు తట్టలేదు. చివరి ప్రశ్న, ఎడెన్సర్‌ని అక్కడివాళ్లు ఎన్జర్ అని పలుకుతారట. ఏది రాయాలి?

జవాబు: ఎన్జర్ రాసి, మొదటిసారి పక్కన ఎడెన్సర్ అనే రాత రూపం కూడా పెట్టండి. మ్యాప్‌లో వెతికేవాళ్లకి అదే దొరుకుతుంది.