గోవా కార్నివాల్: క్రైస్తవ పండుగా, పర్యాటక శాఖ జాతరా?

కృష్ణాతీరం:
2024లో గుణదల మాత ఉత్సవాలూ గోవా కార్నివాలూ ఒకే వారాంతంలో పడ్డాయి. అమ్మ కొండ ఎక్కింది, నేను అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆ దెప్పుపొడుపు ఇంకా తీరలేదు. శనివారం పణజిలో కార్నివాల్‌కు రాజు వేషం కట్టే మోమో శకటం మీద వచ్చి, తినండి, తాగండి, కులాసాగా ఉండండి అని ఆజ్ఞ జారీ చేశాడు. వెనక వచ్చిన శకటాల్లో నా కంటికి ఎక్కువగా ఆనినవి వ్యాపార ప్రకటనలే. తపస్సు కాలానికి, అంటే ఈస్టర్ ముందటి ఉపవాస రోజులకు, ముందు వచ్చే పండుగ అని విని వెళ్లాను. క్రైస్తవం ఎక్కడుందో వెతుక్కుంటూ తిరిగి వచ్చాను. దీన్ని మన పండుగ అనవచ్చా?

ప్రార్థనాపరుడు:
అనకూడదు. మోమో పేరు గ్రీకుల ఎగతాళి దేవత మోమస్‌ది. బైబిల్లో కార్నివాల్ ఊసే లేదు. నలభై రోజుల ఉపవాసానికి నాలుగు రోజుల తాగుడు నాందీ ప్రస్తావనా? ఇది మతపరమైన పండుగ కాదని గోవా చర్చి వర్గాలే చెబుతూ వచ్చాయి. అమ్మగారితో గుణదల వెళ్లి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

తేదీలపిచ్చి:
ఈస్టర్‌కు 46 రోజుల ముందు విభూది బుధవారం, నుదుట విభూది పెట్టించుకుని ఉపవాసాలు మొదలుపెట్టే రోజు. దాని ముందు రోజుతో కార్నివాల్ సమాప్తం. ఈస్టర్ నుంచి వెనక్కి లెక్కపెడితే తప్ప తేదీ తేలని పండుగకు క్రైస్తవంతో సంబంధం లేదంటే ఎలాగండీ? కొంకణిలో దీన్ని ‘ఇంత్రూజ్’ అంటారు. పోర్చుగీసు ‘ఎంత్రూదు’ నుంచి వచ్చిన మాట, మూలం లాటిన్‌లో ‘ప్రవేశం’. ఉపవాస కాలంలోకి ప్రవేశమన్నమాట. ఇక బైబిల్లో లేదంటారా, డిసెంబరు 25 కూడా లేదు.

వాస్కోలో పదేళ్లు:
కృష్ణాతీరం గారూ, మీరు చూసింది ఇంత్రూజ్‌లో కొత్తగా కట్టిన వాటా. పణజి శకటాల ఊరేగింపు 1965లో మొదలైంది. గోవా భారత్‌లో కలిసి అప్పటికి మూడేళ్లు దాటాయి. తిమోతియో ఫెర్నాండెజ్ అనే సంగీతకారుడు బ్రెజిల్‌లోని రియో కార్నివాల్‌ను మనసులో పెట్టుకుని దాన్ని రూపొందించారు. తర్వాత అది ప్రభుత్వం చేతికి వెళ్లింది, ప్రాయోజకులు వచ్చారు. మీ ఫిర్యాదంతా ఆ ఊరేగింపు మీదే, అది న్యాయమే.

పాత ఇల్లు చూడాలంటే దక్షిణ గోవాలోని సాల్సెట్ పల్లెలకు వెళ్లవలసింది. అక్కడ ‘ఖేళ్’ ఉంటుంది, మన వీధి నాటకం లాంటిది. బాకాలూ డోలూ వెంటబెట్టుకుని బృందం ఊరూరా తిరుగుతుంది. ఇళ్ల ముందు ఖాళీ స్థలమే రంగస్థలం. ఒకప్పుడు ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. ఊరి పెద్దల గుట్టు నుంచి ప్రభుత్వ నిర్వాకం దాకా ఎవరినీ వదలరు. నాకు కొంకణి సగమే వచ్చేది, పక్కవాళ్లు నవ్విన రెండు క్షణాలకు నేను నవ్వేవాడిని. దివార్ దీవిలో ‘పోతేకార్’లు వస్తారు: ముసుగు, నడుముకు గంటలు, పిల్లల వెంటపడి హడలగొట్టడమే పని. కదంబుల రాజధానిగా వెలిగిన చందోర్‌లో సోమవారం రాత్రి క్రైస్తవులే రోకళ్లు నేలకు దంచుతూ ఆడే ఆట పేరు ‘ముసల్ ఖేళ్’. ముసలం అంటే రోకలి అని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా! పోర్చుగీసువాళ్లు రాకముందటి రాజుల విజయాన్ని తలచుకునే ఆట అది. పూర్తిగా చర్చిదీ కాదు, పూర్తిగా పరాయిదీ కాదు.

ప్రార్థనాపరుడు:
రోకలి ఆట సరే. తాగుడు సంగతి దాటవేశారు.

తేదీలపిచ్చి:
కార్తీకం వస్తోందంటే ముందు ఆదివారం కోడిమాంసం దుకాణం దగ్గర వరుస ఎప్పుడైనా చూశారా? నెల రోజులు మానేయబోయేవాడి ఆత్రం అది. కార్నివాల్ అన్న మాటకే మాంసం మానడం అనే అర్థం చెబుతారు. అయితే ఆ వరుసను చూసి కార్తీక మాసాన్ని ఎవరూ అంచనా వేయరు.

కృష్ణాతీరం:
కోడిమాంసం దుకాణానికి ప్రభుత్వం శకటం కట్టించదుగా! అయినా ఖేళ్ గురించి విన్నాక నా ప్రశ్న మారింది. నగరంలోని ఊరేగింపుకు ‘పర్యాటక ఉత్సవం’ అని పేరు పెట్టి, ఇంత్రూజ్ అన్న పేరు పల్లెలకే వదిలేస్తే సరిపోదా?

వాస్కోలో పదేళ్లు:
గీత అంత తిన్నగా రాదండీ. మంగళవారం పణజిలో క్లూబె నాసియొనాల్ అనే క్లబ్బు వాళ్ల ఎరుపు నలుపు దుస్తుల నృత్యం జరుగుతుంది. అది నగరంలోనిదే, శకటాల బాపతు కాదు. దాన్ని ఎటు వేస్తారు?

తాగుడు గురించి అడిగారు కనుక చెబుతాను. ఉంది, కొన్నిచోట్ల శ్రుతి మించుతుంది కూడా, బయటి నుంచి వచ్చే మనవాళ్ల వాటా అందులో తక్కువేమీ కాదు. కానీ ఒక ఏడాది మంగళవారం పొద్దుపోయేదాకా ఖేళ్ ఆడిన మా పొరుగాయన, మర్నాడు ఉదయం చర్చి పూజలో నా ముందు బల్ల మీద నుదుట విభూదితో కూర్చున్నాడు. పాటలు వచ్చినప్పుడల్లా పెదవులు కదిపాడే గాని, బొంగురుపోయిన గొంతులోంచి ఒక్క స్వరమూ పైకి రాలేదు.