సమస్యాపూరణం: “చదువు మఱచువాఁడె శాస్త్రవేత్త”

నిర్వాహకులు, విజయనగరం: ఈ వారం సమస్య, అంటే పద్యానికి చివరి పాదంగా రావలసిన వింత వాక్యం, పైనే ఉంది. దానికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు రాయాలి. శాస్త్రవేత్త అంటే ఇక్కడ శాస్త్రం తెలిసినవాడు, ప్రయోగశాల మనిషి కాదు. ప్రాచీన కావ్యాలనే నమ్ముకున్న పండితుడి మీద పూరించండి. మఱచులో ఉన్నది బండి ఱ, మార్చకండి.

గంటస్తంభం:
మూలగ్రంథమందు ముప్పొద్దు మునిగినన్
గర్వ మింత లేక గౌరవమున
తప్పు చూపువానిఁ దండ్రిగాఁ దలఁచి యా
చదువు మఱచువాఁడె శాస్త్రవేత్త

బొబ్బిలి వీణ: మాస్టారూ, మూడో పాదం బంగారం. మొదటి పాదంలోనే కాలు జారింది. మూలగ్రంథ సిద్ధసమాసం, అంటే రెండు సంస్కృత పదాలు కలిసినది. గ్రం ముందున్న ల ఊది పలకడంతో గురువవుతుంది. మీరు హగణం (ఒక గురువు, ఒక లఘువు) అనుకున్న చోట రెండు గురువులు పడ్డాయి. “మూలకృతులయందు” అనండి. కృలో ఉన్నది ఋత్వమే, సంయుక్తం కాదు కనక ల లఘువుగానే నిలుస్తుంది.

వంశధార:
శబ్ద మెంచి చూచు శ్రద్ధయే మూలమై
సాగు వాని కేల సంశయమ్ము?
తాళపత్ర లిపిని దాఁ జూడ కెట్టులౌఁ
జదువు మఱచువాఁడె శాస్త్రవేత్త?

నిర్వాహకులు: గణాలూ, యతీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరవలసిన పొంతన) కుదిరాయి, చదువు జదువుగా మారిన సరళాదేశమూ సరే. కానీ అమ్మా, మళ్లీ “ఎట్టులౌ”నా? పోయిన నెలా ఇదే చేశారు. అలా ఏ సమస్యనైనా ప్రశ్నగా మార్చి పక్కకి నెట్టేయొచ్చు. చిక్కు విప్పాలి గాని తెంపకూడదు.

వంశధార: ఒప్పుకుంటున్నానండి. మరి పోయిన నెల గంటస్తంభం గారు కంద పద్యంలో ర, ఱలకు ప్రాస (పాదాల రెండో అక్షరాల పొంతన) కలిపితే ఎవరూ అడగలేదేం? పాతని పట్టుకున్నవాడు వాడుకభాషకి శత్రువేనని కూడా అప్పుడు ఆయనే అన్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు (1863–1940) మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టినవారు. వాడుకభాష కోసం వాదించినప్పుడు పాత కావ్యాల నుంచే ప్రయోగాలు ఏరి చూపించారు. అంత చదివినవారు కాబట్టే పంతులు గారి వాదానికి బలం.

నాగావళి:
అచ్చు ప్రతిని నమ్మ కక్షరాక్షరమును
వదల కోర్మి తోడ వరుసఁ జూచి
ప్రతుల నెదుట నుంచి పరికించి పొరపాటు
చదువు మఱచువాఁడె శాస్త్రవేత్త

బొబ్బిలి వీణ: ఆహా! “పొరపాటు” అన్న ఒక్క మాట ముందు చేరేసరికి చదువు కాస్తా పాఠం, అంటే ప్రతిలో రాసి ఉన్న మాట, అయిపోయింది. మరిచిపోవలసింది తప్పు పాఠాన్ని! సమస్యలో అక్షరం కదలలేదు.

గంటస్తంభం: పద్యం బాగుంది, కాదనను. కానీ “అచ్చు ప్రతి”లో చ్చు గురువు కాదా? వంశధార గారి “చూచు శ్రద్ధ” మాటేమిటి? నా ఒక్కడికేనా ఈ నియమం?

నిర్వాహకులు: అచ్చు, చూచు తెలుగు మాటలు. వాటి పక్కన సంస్కృత సంయుక్తాక్షరం వచ్చినా ముందక్షరం తేలిపోతుంది, లఘువే. మీ మూల, గ్రంథ రెండూ సంస్కృతమే, పైగా సమాసం.

నాగావళి: ప్రతులు పోల్చడం గురించి ఒక మాట. పాత లేఖరులు (ప్రతులు నకలు చేసేవారు) ధర్మములోని రేఫని, అంటే ర ధ్వనిని, వలపలగిలక అనే గుర్తుగా మ పక్కన పెట్టేవారు. ఆ గిలక చెరిగితే ధమము మిగులుతుంది, గురువు పోయి గణం చెడుతుంది. అంటే ఛందస్సే దొంగని పట్టిస్తుంది. అసలు కష్టం ప, వల దగ్గర. పాడి, వాడి రెండూ ఒకే గణం, ప–వలకి యతిమైత్రి కూడా ఉంది. థ, ధల సంగతీ అంతే. అక్కడ ఛందస్సు నోరు మెదపదు, ఇంకో ప్రతి కావాలి. మూడు ప్రతులు దొరికినా రెండు ఒకే మాతృక (నకలుకి ఆధారమైన ప్రతి) నుంచి దిగినవైతే ఆ రెంటికీ కలిపి సాక్ష్యం ఒకటే. సులువుగా అర్థమయ్యే పాఠాన్ని ముందు అనుమానించాలి. లేఖరి తనకి తెలియని మాటని తెలిసినదిగా దిద్దుతాడు గాని, తెలిసినదాన్ని తెలియనిదిగా మార్చడం అరుదు.

గంటస్తంభం: వీణ గారూ, “మూలకృతులయందు ముప్పొద్దు మునిగినన్” అని దిద్దుకున్నాను. ర, ఱల కందం కూడా రేపటికి సవరించి పెడతాను, వంశధార గారు చూడాలి.