హారర్ సినిమా మొదటి సీన్‌లోనే చావు చూపించాలా వద్దా? నా షార్ట్ ఫిల్మ్ ఓపెనింగ్ దగ్గర ఆగిపోయాం

బావిగట్టు:
అందరికీ నమస్తే అండి. 22 నిమిషాల హారర్ షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం, అమలాపురం దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో. ఇంటి వెనక పాత బావి ఉంది, కథంతా దాని చుట్టూనే. స్క్రిప్ట్ అయిపోయింది, ఒక్క ఓపెనింగ్ దగ్గరే టీమ్ రెండుగా చీలిపోయింది. మా కెమెరామెన్ ఏమంటాడంటే ఫస్ట్ షాట్‌లోనే ఒకమ్మాయి రాత్రి పూట నీళ్ళు తోడుతుంటే లోపల్నించి ఏదో లాగేయాలి, కెవ్వుమని అరుపు, టైటిల్ పడాలి అంటాడు. నేనేమో సాయంత్రం ఇంట్లో మామూలుగా జరిగే పనులతో మొదలుపెడదాం అంటున్నా. అరనిమిషంలో ఏమీ జరక్కపోతే యూట్యూబ్‌లో జనం వేరే వీడియోకి వెళ్ళిపోతారని వాడి భయం, అరనిమిషంలో అంతా చూపించేస్తే మిగతా 21 నిమిషాలు ఎందుకు కూర్చుంటారని నా భయం. శనివారం షూట్ పెట్టుకున్నాం. మీరేమంటారు?

ఫస్ట్‌షో_వరంగల్:
మీ కెమెరామెన్ చెప్పిందే కరెక్ట్ తమ్మీ. నేను చిన్నప్పటి సంది సింగిల్ స్క్రీన్ల చూస్తున్న, మన దగ్గర సినిమా ఎట్ల మొదలైతదో నీకు తెల్వదా? సిగరెట్ యాడ్ వస్తది, తర్వాత థ్యాంక్స్ కార్డులు, సగం మంది ఫోన్ లైట్ వేసుకొని సీట్లు వెతుకుతనే ఉంటరు. ఆ గోలల నువ్వు మెల్లగ ముగ్గు వేసుడు, దీపం పెట్టుడు చూపిస్తే ఎవడు చూస్తడు? జనాన్ని ఒక్కసారి గట్టిగ పట్టుకొని ఊపాలె. 1996ల వచ్చిన ‘స్క్రీమ్’ యాది చేస్కో, పోస్టర్ మీద డ్రూ బారీమోర్ ముఖమే పెద్దగుంటది, ఆమెనే హీరోయిన్ అనుకొని కూసుంటం, పావుగంట గాకముందే సంపేస్తరు. ఇగ ఆ తర్వాత ఎవ్వరి పాణానికీ గ్యారంటీ లేదని తెల్సిపోతది. షార్క్ సినిమా ‘జాస్’ల కూడా అంతే కదా, రాత్రి సముద్రంల ఈతకు పోయిన పిల్ల సచ్చిపోతది, సినిమా మొదలైతది. చావుతోని మొదలుపెట్టు, నష్టం లేదు.

ఎడిట్_టేబుల్:
అన్నా మీరు చెప్పిన రెండు ఉదాహరణలూ నిజానికి మీ వాదనకి ఎదురు నిలబడతాయి. నేను ఎడిటింగ్ చేస్తా కాబట్టి ఆ రెండు సీన్లూ చాలాసార్లు ఆపి ఆపి చూశా. ‘స్క్రీమ్’లో ఆ పావుగంటలో ఎక్కువ భాగం ఫోన్లో మాటలే. పొయ్యి మీద పాప్‌కార్న్ పెట్టి ఉంటుంది, అటు అవతలివాడి మాట తీరు మారుతుంటే ఇటు ఆ పాప్‌కార్న్ కవర్ ఉబ్బుతూనే ఉంటుంది, మనకి తెలీకుండానే మన ఊపిరి దాంతోపాటు బిగుసుకుంటుంది. చావు చివర్లో వస్తుంది, భయం అప్పటికే పుట్టేసి ఉంటుంది.

‘జాస్’ సంగతి ఇంకా పెద్దది. ఆ మొదటి సీన్‌లో షార్క్ ఒక్క ఫ్రేమ్‌లో కూడా కనపడదు. ఆ అమ్మాయి నీళ్ళలో అటూ ఇటూ ఈడ్చుకుపోవడం, జాన్ విలియమ్స్ మ్యూజిక్‌లో రెండు స్వరాలు, అంతే. దాంతో మనకి ఒక పాఠం నేర్పేశాడు: ఆ రెండు స్వరాలు వినిపిస్తే అది దగ్గర్లో ఉన్నట్టు. తర్వాత సినిమాలో ఇద్దరు పిల్లలు అట్టముక్కతో నకిలీ రెక్క చేసి జనాన్ని హడలగొడతారు చూడండి, అప్పుడు ఆ మ్యూజిక్ రాదు, ఎందుకంటే అక్కడ షార్క్ లేదు కాబట్టి. మొదటి సీన్‌లో ఇచ్చిన మాట మీద డైరెక్టర్ నిలబడ్డాడన్నమాట. నా దృష్టిలో ఓపెనింగ్ పని ఇదే, దేనికి భయపడాలో ప్రేక్షకుడికి నేర్పించడం. బావిగట్టు బ్రో, మీ కెమెరామెన్ సీన్‌లో అమ్మాయి చచ్చిపోతుంది సరే, అది చూసి నేనేం నేర్చుకున్నా? బావి ప్రమాదం అని. అది బావిని చూస్తేనే తెలుస్తుంది కదా.

అర్ధరాత్రి_కాఫీ:
చావుతో మొదలుపెట్టకూడదు అని రూల్ పెట్టేస్తే మాత్రం నేను ఒప్పుకోను. ‘విరూపాక్ష’ 2023లో థియేటర్లో చూశా, 1979లో రుద్రవనం ఊళ్ళో చేతబడి చేస్తున్నారని ఒక జంటని ఊరంతా కలిసి కాల్చేస్తారు, చచ్చిపోతూ ఆవిడ పుష్కరకాలం తర్వాత ఈ ఊరు వల్లకాడు అవుతుందని శపిస్తుంది. కట్ చేస్తే 1991. ఆ సీన్‌లో నన్ను పట్టుకుంది మంటలు కాదు, ఆ పన్నెండేళ్ళ లెక్క. తర్వాత జాతర, హీరో హీరోయిన్ గిల్లికజ్జాలు ఎంత సరదాగా నడిచినా లోపల ఆ గడువు దగ్గరపడిందనే గుర్తుంటుంది. అంటే చావు చూపించినా దాంతోపాటు ఏదో ఒకటి మన చేతిలో పెట్టి పంపాలి. ఉత్తి అరుపు పెడితే ఏం మిగలదు.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, మా కాలేజీ రోజుల్లో మేమూ ఒకటి తీశాం, మొదటి పది సెకన్లలో అరుపు, రక్తం. ఫెస్ట్‌లో వేస్తే హాలు మొత్తం నవ్వేసింది. చచ్చిపోయిన పిల్ల ఎవరో వాళ్ళకి తెలీదు, ఎందుకు బాధపడతారు, ఎందుకు భయపడతారు. ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది నాకు.

ఇంకోటి, నెమ్మదిగా మొదలుపెట్టడం అంటే ఏమీ జరక్కపోవడం కాదు. 1973లో వచ్చిన ‘ఎక్సార్సిస్ట్’ ఇరాక్ తవ్వకాల్లో మొదలవుతుంది, ఒక ముసలి పాదిరికి చిన్న రాతి తల ఒకటి దొరుకుతుంది, ఆ తర్వాత గదిలో గోడ గడియారం టక్కున ఆగిపోతుంది, కుక్కలు కొట్టుకుంటాయి. ఎవరూ చావరు. అయినా ఆ గడియారం ఆగినప్పుడు నా చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది.

సౌండ్‌రూమ్:
అందరూ ఏం చూపించాలి అనే మాట్లాడుతున్నారు, ఏం వినిపించాలి అనేది ఎవరూ అడగట్లేదు. 1978 ‘హాలోవీన్’ ఓపెనింగ్ మొత్తం హంతకుడి కళ్ళలోంచి నడుస్తుంది, మాస్క్ వేసుకున్నాక రెండు కంతల్లోంచే చూస్తాం, చివర్లో మాస్క్ తీస్తే ఆరేళ్ళ పిల్లాడు. అంత మంచి సీన్ ఉన్న సినిమా కూడా మ్యూజిక్ లేకుండా చూసిన ఒక స్టూడియో ఆవిడకి అసలు భయమే వెయ్యలేదట, ఈ మాట ఆ సినిమా డైరెక్టర్ జాన్ కార్పెంటర్ తనే చెప్పుకున్నాడు. తర్వాత తనే కూర్చుని మ్యూజిక్ కట్టాడు. ‘షైనింగ్’ 1980లో అయితే తెరమీద కొండలు, సరస్సు, చిన్న పసుపు కారు, పట్టపగలు. కింద వినిపించే బాణీ మాత్రం చర్చిల్లో చనిపోయినవాళ్ళ కోసం పాడే పాత ప్రార్థనది. బొమ్మ అందంగా ఉంటుంది, చెవి మాత్రం వెనక్కి వెళ్ళిపో అంటుంది.

మీ బావికి గిలక ఉందా? ఉంటే మీకు ఆ రెండు స్వరాలు దొరికినట్టే. తుప్పు పట్టిన గిలక కిర్రుమంటూ తిరిగే శబ్దం మన ఊళ్ళలో పెరిగినవాళ్ళు ఎవరైనా కళ్ళు మూసుకుని గుర్తుపడతారు. ఇంకో కారణం కూడా ఉంది. మీ సినిమా చూసేవాళ్ళలో ఎక్కువమంది ఫోన్లో చూస్తారు, ఫోన్ స్పీకర్లో లో ఫ్రీక్వెన్సీ హమ్ వినపడదు, మీరు కష్టపడి పెట్టిన భారీ డ్రోన్ సౌండ్, అదే ఆగకుండా సాగే ఆ బరువైన హోరు, అంతా గాల్లో కలిసిపోతుంది. గిలక కిర్రు మాత్రం ఫోన్లో కూడా చెవిలో గుచ్చుకుంటుంది. లైబ్రరీ సౌండ్ వాడొద్దు, మీ గిలకే రికార్డ్ చెయ్యండి, ఖాళీగా తిరిగినప్పుడు ఒకటి, నిండు బొక్కెనతో బరువుగా తిరిగినప్పుడు ఒకటి, రెండూ వేరుగా ఉంటాయి. ఆ తేడా కథలో పనికొస్తుంది. రాత్రి కీచురాళ్ళ శబ్దం కూడా కనీసం అయిదు నిమిషాలు తీసుకోండి, గిలక మోగే ముందు దాన్ని టక్కున ఆపేయొచ్చు.

ఫస్ట్‌షో_వరంగల్:
గిలక మాట మంచిగుంది, ఒప్పుకుంట. ఎడిట్ తమ్ముడు చెప్పిన నకిలీ రెక్క ముచ్చట నేను గన్ని సార్లు చూసినా పట్టించుకోలే. కానీ ఒక్కటి మాత్రం ఇడువను, మొదటి నిమిషంల ఒక్కటన్న జరగాలె, ఇది మామూలు ఇల్లు కాదు అని చూసేటోనికి సమజ్ కావాలె. పాణం తీయకున్నా పర్వాలే. ఉత్తగ సాయంత్రం ఎండ, కోళ్ళు, మంచంల తాత అని రెండు నిమిషాలు పెడితే మాత్రం నేనే స్కిప్ కొడత.

ఎడిట్_టేబుల్:
ఈ మాటకి నేనూ సరే అంటా అన్నా. ఆ ఒక్కటి కూడా మామూలు పనిలాగే కనపడాలి, కెమెరా దాని మీదకి దూసుకెళ్ళి చూడండి చూడండి అనకూడదు. షాట్ రెండు సెకన్లు ఎక్కువ పట్టి ఉంచితే చాలు, చూసేవాడే వెతుక్కుంటాడు.

బావిగట్టు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. అర్ధరాత్రి_కాఫీ గారు మన చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపాలి అన్న మాట దగ్గర నాకు మా ఇంట్లో ఉన్న అలవాటే గుర్తొచ్చింది. దీపాలు పెట్టే వేళ దాటాక మా అమ్మమ్మ బావిలో చేద వెయ్యనిచ్చేది కాదు, పిల్లలం పడిపోతామని. అదే వాడుకుని నిన్న రాత్రి మళ్ళీ రాశా.

సాయంత్రం. అమ్మమ్మ బావి మీద రేకు మూస్తుంది, దానిమీద రోకలి పెడుతుంది. గిలక మీంచి చేంతాడు తీసి, చుట్ట చుట్టి, బొక్కెనతో సహా ఇంట్లోకి తెచ్చి గోడ మేకుకి తగిలిస్తుంది. మనవరాలు దాహం అంటే కుండలోంచి ముంచి ఇస్తుంది, పొద్దున్నే తోడుకుందాంలే అంటుంది. రాత్రి. పిల్ల మంచం మీద మెలకువగా ఉంటుంది, కీచురాళ్ళు. అవి ఆగిపోతాయి. బయట గిలక తిరుగుతుంది, ఖాళీగా కాదు, నిండు బొక్కెన బరువుతో. పిల్ల తల తిప్పి గోడవైపు చూస్తుంది, చేంతాడు మేకుకే ఉంది. దాని చివర్నుంచి నీళ్ళు కారుతున్నాయి. టైటిల్.

చదివి చూసుకుంటే 75 సెకన్లు వచ్చింది. కెమెరామెన్‌కి పంపిస్తే కాసేపు ఏమీ అనలేదు, తర్వాత ఫోన్ చేసి మేకు ఎంత ఎత్తులో ఉండాలి, పిల్ల మంచం మీంచి చూస్తే కనపడాలి కదా అని అడిగాడు. శుక్రవారం రాత్రే వెళ్ళి గిలక రికార్డ్ చేస్తున్నాం. అప్పటిదాకా దానికి నూనె వెయ్యొద్దని అమ్మమ్మకి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పా.